చిన్న ఆఫీసు డేటాకు కాపలా ఎవరు?

బీటెక్, బీకాం, బీసీఏ... ఏది చదివినా మొదటి ఉద్యోగం హైటెక్ సిటీలోని అద్దాల మేడలోనే దొరకాలని లేదు. విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల డీలర్ దగ్గరో, హనుమకొండలో డయాగ్నస్టిక్ సెంటర్‌లోనో, మిర్యాలగూడలో రైస్ మిల్లు ఆఫీసులోనో చేరొచ్చు. చేరిన వారానికే అక్కడ మీకో కొత్త హోదా వస్తుంది: ‘కంప్యూటర్ తెలిసిన అబ్బాయి’, లేదా ‘అమ్మాయి’. మీది అకౌంట్స్ పోస్టే కావచ్చు. అయినా ప్రింటర్ మొరాయిస్తే మిమ్మల్నే పిలుస్తారు. వైఫై పోయినా మిమ్మల్నే, ట్యాలీ తెరుచుకోకపోయినా మిమ్మల్నే. కొత్త సిస్టమ్ కొనాలంటే ‘ఏది మంచిదో నువ్వే చూసి చెప్పమ్మా’ అంటారు.

ఇన్నాళ్లూ ఇది జీతంతో సంబంధం లేని ఉచిత సేవ. ఇకమీదట అలా ఉండకపోవచ్చు. కారణం, నెల తేడాతో జరిగిన రెండు పరిణామాలు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. ఆ తర్వాత నెలకే, నవంబరు మధ్యలో, కేంద్రం డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ నియమాలను నోటిఫై చేసింది. చట్టం 2023 నుంచే ఉంది. నియమాలు లేక కాగితం మీదే ఆగింది. ఇప్పుడు గడియారం మొదలైంది. వ్యాపారాలు పాటించాల్సిన ప్రధాన బాధ్యతలకు ఇచ్చిన గడువు 18 నెలలు, అంటే 2027 మే. ఈ ఏడాది, వచ్చే ఏడాది డిగ్రీ పట్టాతో బయటికొచ్చేవాళ్లు ఉద్యోగంలో చేరేది సరిగ్గా ఈ మార్పు మధ్యలోనే.

చట్టం ఏమంటోంది?

కస్టమర్ పేరు, ఫోన్ నంబరు, బ్లడ్ రిపోర్టు, ఆధార్ జిరాక్స్ స్కాన్, ఉద్యోగి బ్యాంకు ఖాతా... ఇవన్నీ వ్యక్తిగత డేటానే. డిజిటల్ రూపంలో ఉన్నదానికి చట్టం వర్తిస్తుంది. కాగితం రిజిస్టర్‌లో రాసుకున్నదానికి వర్తించదు కానీ, దాన్ని ఎక్సెల్‌లో ఎక్కించినా, ఫోన్‌తో ఫొటో తీసి దాచుకున్నా వర్తిస్తుంది. ‘మాది చిన్న షాపండీ’ అంటే మినహాయింపు దానంతటదే రాదు. కొన్ని నిబంధనల నుంచి కొన్ని రకాల సంస్థలను, స్టార్టప్‌లను మినహాయించే అధికారం కేంద్రానికి ఉంది. అది ప్రభుత్వం ప్రకటిస్తేనే తప్ప ఎవరికి వాళ్లు అనుకునేది కాదు.

చేయాల్సింది ఏమిటో నియమాల్లో స్పష్టంగానే ఉంది. డేటాను ఎన్‌క్రిప్షన్ వంటి పద్ధతులతో కాపాడాలి. ఎవరు చూడొచ్చో నియంత్రణ ఉండాలి. ఎవరు ఎప్పుడు చూశారో తెలిపే లాగ్‌లు ఏడాది పాటు ఉంచాలి. డేటా పోయినా పని ఆగకుండా బ్యాకప్ ఉండాలి. లీకైతే బాధితులకు, డేటా పరిరక్షణ బోర్డుకు ఆలస్యం లేకుండా చెప్పాలి. పూర్తి వివరాలను 72 గంటల్లో బోర్డుకు ఇవ్వాలి. తగిన భద్రత పెట్టనందుకు జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయలు.

ఈ 250 కోట్ల అంకెను బాగా చూసుకోండి. రాబోయే రోజుల్లో మీ యజమాని దగ్గరికి వచ్చే ప్రతి సేల్స్‌మన్ బ్రోచర్‌లో ఇది పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. తప్పు తీవ్రత, నష్టం, దాన్ని తగ్గించడానికి సంస్థ ఏం చేసిందీ చూశాకే బోర్డు మొత్తం నిర్ణయిస్తుంది. కిరాణా కొట్టుకు 250 కోట్లు వేస్తారని భయపెట్టి సాఫ్ట్‌వేర్ అమ్మేవాణ్ని గుమ్మం దగ్గరే ఆపడం కూడా మీ పనిలో భాగమే.

నిజంగా పట్టించుకోవాల్సిన నిబంధన వేరే ఉంది. మీ ఆఫీసు తరఫున డేటాను వేరే కంపెనీ చూసుకుంటున్నా చట్టం ముందు బాధ్యత మీ ఆఫీసుదే. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్ల సర్వర్ నుంచి పేషెంట్ల వివరాలు బయటికి పోతే, మొదట సమాధానం చెప్పాల్సింది ఆ సాఫ్ట్‌వేర్ కొన్న డయాగ్నస్టిక్ సెంటరే. అందుకే ఏ సాఫ్ట్‌వేర్ కొంటున్నాం అనేది ఇక ధరకు, స్క్రీన్ అందానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు.

దాడి ఎలా మొదలవుతుంది?

చిన్న సంస్థల్లో తరచూ వినిపించే మాట: ‘మన దగ్గర ఏముందని హ్యాక్ చేస్తారు?’ జవాబు హైదరాబాద్‌లోనే ఉంది. 2022 జనవరిలో ఏపీ మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి హ్యాకర్లు 12 కోట్ల రూపాయలకు పైగా కొల్లగొట్టారు. పోలీసుల దర్యాప్తులో తేలింది ఏమిటంటే, ఉద్యోగులకు ముందే రెండు వందలకు పైగా ఫిషింగ్ మెయిల్స్ వచ్చాయి. ఒకరిద్దరు తెరిచారు. సిస్టమ్‌ను దూరం నుంచి నడిపే మాల్‌వేర్ లోపలికి దిగింది. లోపల చూస్తే, అన్ని అధికారాలూ ఉన్న ‘సూపర్ యూజర్’ ఖాతాలు అవసరానికి మించి ఉన్నాయి. ఆ తర్వాత 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది. అక్కడ ఎవరూ సినిమాల్లోలా పచ్చ అక్షరాల కోడ్ కొట్టలేదు. మెయిల్ తెరిచారు, అంతే.

2024 జులై చివర్లో ఇంకో రకం దెబ్బ. చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్‌పై ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగింది. చెల్లింపుల వ్యవస్థ నుంచి ఎన్‌పీసీఐ ఆ సంస్థను తాత్కాలికంగా వేరు చేసింది. దేశంలో సుమారు 300 చిన్న బ్యాంకుల ఖాతాదార్ల చెల్లింపులు ఆగాయి. ఆ బ్యాంకులు స్వయంగా చేసిన తప్పేమీ లేకపోవచ్చు. ఒకే సేవా సంస్థ మీద అన్నీ ఆధారపడ్డాయి, అది ఆగితే అన్నీ ఆగాయి.

బ్రిటన్‌లో కేఎన్‌పీ అనే లారీ రవాణా కంపెనీ కథ ఇంకా కఠినం. 158 ఏళ్ల సంస్థ. 2023లో ర్యాన్సమ్‌వేర్ దాడితో డేటా మొత్తం పోయి మూతపడింది. దాదాపు 700 మంది ఉద్యోగాలు పోయాయి. ఒక ఉద్యోగి బలహీనమైన పాస్‌వర్డ్‌ను ఊహించి లోపలికి వచ్చారని భావిస్తున్నారు. ఉద్యోగం వెతుక్కునే మీకు ఇందులో గమనించాల్సింది ఒకటే. డేటా పోవడం యజమాని నష్టంతో ఆగదు. నెలాఖరు జీతం కూడా ఆ హార్డ్‌డిస్క్‌లోనే ఉంటుంది.

మన దగ్గర ఇప్పుడు ఎక్కువగా తిరుగుతున్నది వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్. ‘మీ బండికి చలాన్ పడింది’, ‘పెళ్లి శుభలేఖ’, ‘బ్యాంకు కేవైసీ’ లాంటి పేర్లతో వస్తుంది. ఇన్‌స్టాల్ చేస్తే ఎస్‌ఎంఎస్‌లు, ఓటీపీలు అవతలివాళ్ల చేతిలోకి పోతాయి. చిన్న వ్యాపారాల్లో బ్యాంకు ఓటీపీ, జీఎస్టీ ఓటీపీ, కస్టమర్ల వాట్సాప్ గ్రూపు అన్నీ ఒకే ఫోన్‌లో ఉంటాయి. ఆ ఫోన్ ఓనర్‌ది. కొన్నిచోట్ల కౌంటర్‌లో కూర్చున్న ఎవరి చేతిలోనైనా ఉంటుంది.

బ్యాకప్ అంటే కాపీ చేసుకోవడమేనా?

ఇంజినీరింగ్‌లో మాకు ఆర్‌ఎస్‌ఏ అల్గోరిథం బోర్డు మీద లెక్క కట్టి చూపించారు. ట్యాలీ డేటా ఏ ఫోల్డర్‌లో ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. చిన్న ఆఫీసులో మొదట అవసరమయ్యేది ఆ రెండోదే.

మీరు చేరిన చోట ‘బ్యాకప్ ఉందా?’ అని అడగండి. ‘ఉంది’ అంటారు. ఎక్కడ అంటే సీపీయూ వెనక గుచ్చి ఉన్న పెన్‌డ్రైవ్ చూపిస్తారు. ర్యాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు కంప్యూటర్‌కు తగిలించి ఉన్న ప్రతి డ్రైవ్‌నూ లాక్ చేసేస్తుంది. పెన్‌డ్రైవ్ కూడా దానికి డి డ్రైవ్ లాంటిదే. ఇంకొందరు ‘గూగుల్ డ్రైవ్‌లో ఉందండీ’ అంటారు. కంప్యూటర్‌తో సింక్ అయ్యే ఫోల్డర్ అద్దం లాంటిది. ఇక్కడ ఫైల్ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది. ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, ఆ తర్వాత అదీ ఉండదు. మార్చిలో పొరపాటున పోయిన ఫోల్డర్ సంగతి జూన్‌లో ఆడిటర్ అడిగినప్పుడు తెలిస్తే చేయగలిగింది ఏమీ లేదు.

ఈ రంగంలో అందరూ చెప్పుకునే 3-2-1 సూత్రం మీరూ వినే ఉంటారు. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, అందులో ఒకటి వేరే చోట. ఈ ‘వేరే చోట’ను మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉంది. షాపు ఒక వీధిలో, ఇల్లు పక్క వీధిలో ఉన్నవాడికి ‘ఇంట్లో ఇంకో కాపీ ఉంది’ అనే ధైర్యం ఏపాటిదో అప్పుడే తెలిసింది. అందుకే ఒక కాపీ క్లౌడ్‌లో ఉండాలి, లేదా ఇంకో ఊళ్లో ఉండాలి.

ఆచరణలో చిన్న ఆఫీసుకు సరిపోయేది పెద్ద ఖర్చేమీ కాదు. రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులు, ఎన్‌క్రిప్ట్ చేసినవి. ఈ వారం ఒకటి, వచ్చే వారం రెండోది. బ్యాకప్ తీశాక కేబుల్ పీకేసి బీరువాలో పెట్టడం. రోజూ సాయంత్రం ట్యాలీ బ్యాకప్ ఫైల్‌ను పాత వెర్షన్లు కూడా దాచే క్లౌడ్ ఖాతాలోకి పంపడం. ట్యాలీవాల్ట్ పాస్‌వర్డ్ పెట్టి ఉంటే దాన్ని సీల్డ్ కవర్‌లో యజమానికి ఇవ్వడం తప్పనిసరి. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే డేటాను తిరిగి తెరిచే దారి లేదు.

అసలు పరీక్ష మాత్రం నెలకోసారి ఆ బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో రిస్టోర్ చేసి, నిన్నటి బిల్లు కనిపిస్తోందో లేదో చూడటం. ఈ ఒక్క పనీ చేయక, ఏళ్ల తరబడి ఖాళీ ఫైళ్లను శ్రద్ధగా కాపీ చేసుకునే ఆఫీసులు ఉంటాయి. ‘బ్యాకప్ సక్సెస్’ అనే మెసేజ్ ఫైల్ రాశానని చెబుతుంది, లోపల ఏముందో చెప్పదు.

ఎన్నాళ్లు దాచాలన్నది కూడా మన ఇష్టం కాదు. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. 2024-25 లెక్కలకు ఆ గడువు 2025 డిసెంబరు 31. అంటే ఆ ఏడాది బిల్లులు 2031 డిసెంబరు చివరి దాకా తెరుచుకోవాలి. కంపెనీగా నమోదైన సంస్థలైతే ఎలక్ట్రానిక్ లెక్కల పుస్తకాల బ్యాకప్‌ను రోజూ తీసి దేశంలోనే ఉన్న సర్వర్‌లో ఉంచాలి. 2023 ఏప్రిల్ నుంచి ప్రతి దిద్దుబాటునూ నమోదు చేసే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తప్పనిసరి కూడా. ట్యాలీలో ‘ఎడిట్ లాగ్’ అన్న మాట ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమైందా?

కొనేటప్పుడు ఏం చూడాలి?

పాత సిస్టమ్‌ల సంగతి ముందు. విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ లేదా ఆ తర్వాతది కావాలి. 2018కి ముందు కొన్న చాలా కంప్యూటర్లు ఇక్కడే ఆగిపోతాయి. ‘బాగానే పనిచేస్తోంది కదా, మార్చడం ఎందుకు?’ అనే ప్రశ్న న్యాయమైనదే. జవాబుకు 2017 మే గుర్తుచేసుకోండి. వనాక్రై ర్యాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని కుదిపేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. దాన్ని ఆపగల అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. ఇప్పుడు విండోస్ 10 వాడే సంస్థలకు అలాంటి అప్‌డేట్లు రావాలంటే డబ్బు కట్టాలి. సంస్థలకు మొదటి ఏడాది ఒక్కో కంప్యూటర్‌కు 61 డాలర్లు, ఆపై ఏటా రెట్టింపు, అదీ గరిష్ఠంగా మూడేళ్లే.

ఆరు సిస్టమ్‌లున్న ఆఫీసులో ఆరింటినీ ఒకేసారి మార్చమని చెబితే మీ మాట ఎవరూ వినరు. బిల్లింగ్, బ్యాంకింగ్ జరిగే రెండింటిని ముందు మార్చమనండి. బ్రౌజర్‌తోనే పనయిపోయే వాటికి ఉచిత లినక్స్ మింట్ చాలు. ట్యాలీ ఉన్న సిస్టమ్‌కు మాత్రం లినక్స్ సలహా ఇవ్వకండి, అది విండోస్ సాఫ్ట్‌వేర్. యాంటీవైరస్ మీద ఏటా వేలు పోసే ముందు విండోస్‌లోనే వచ్చే డిఫెండర్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. చాలా చోట్ల క్రాక్ సాఫ్ట్‌వేర్ వేయడం కోసం దాన్ని ఆఫ్ చేసి ఉంటారు. ఆ క్రాక్‌తోనే మాల్‌వేర్ వచ్చే అవకాశం ఎక్కువ. పైగా అది దొంగ సాఫ్ట్‌వేరని తెలిసి వాడటం కాపీరైట్ చట్టంలోని 63బీ సెక్షన్ ప్రకారం జైలుశిక్ష పడే నేరం. ‘కొంచెం వేసిపెట్టమ్మా’ అని మిమ్మల్ని అడిగే రోజు వస్తుంది. మర్యాదగా కాదనండి.

క్లౌడ్ సాఫ్ట్‌వేర్ డెమోకి వచ్చినవాళ్లను నేనైతే మొదట అడిగే ప్రశ్న ఫీచర్ల గురించి ఉండదు. ‘రేపు మేం మానేస్తే మా డేటా మొత్తం ఏ ఫార్మాట్‌లో, ఎన్ని రోజుల్లో ఇస్తారు?’ అని అడుగుతాను. ఎక్సెల్‌లోనో, సీఎస్‌వీలోనో మనమే దించుకునే బటన్ ఉంటే మంచిది. ‘అలా ఎవరూ అడగలేదు సార్’ అంటే ఇక మాట్లాడేది లేదు. తర్వాత, ప్రతి ఉద్యోగికీ వేరే లాగిన్ ఇవ్వొచ్చా, రెండంచెల ధ్రువీకరణ ఉందా, లాగ్ దొరుకుతుందా, లీకైతే ఎన్ని గంటల్లో చెబుతారు... ఇవన్నీ రాతపూర్వకంగా తీసుకోవాలి. చట్టం బాధ్యతను మన నెత్తిన పెట్టింది కాబట్టి ఇది అనుమానించడం అనిపించుకోదు.

లాగిన్‌ల సంగతికొస్తే, ఈ-వే బిల్లు పోర్టల్‌లో 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ ఓటీపీతో రెండంచెల లాగిన్ తప్పనిసరి అయింది. చాలా ఆఫీసుల్లో ఏం జరుగుతోంది? లారీ గేటు దగ్గర నిలబడి ఉంటుంది, గుమస్తా ఓనర్‌కు ఫోన్ చేసి ఓటీపీ అడుగుతాడు, ఓనర్ పెళ్లిలో ఉంటాడు. చివరికి ఆ సిమ్మే ఆఫీసులో పెట్టేస్తారు. అదే సిమ్‌కు బ్యాంకు ఓటీపీలూ వస్తాయి! నిజానికి ఆ పోర్టల్‌లోనే సబ్ యూజర్లను సృష్టించుకోవచ్చు, వాళ్ల ఓటీపీ వాళ్ల నంబరుకే వస్తుంది. పది నిమిషాల పని. ఇలాంటివి సరిచేసినప్పుడే యజమానికి మీ మీద గురి కుదురుతుంది. ఎన్‌క్రిప్షన్ గురించి చెప్పినప్పుడు కాదు.

మీ రెజ్యూమెలో ఏముండాలి?

ఎథికల్ హ్యాకింగ్ కోర్సుల ప్రకటనలు అమీర్‌పేట గోడల నిండా ఉన్నాయి. వాటిని వద్దనను. కానీ చిన్న సంస్థల్లో దాడి చేసి చూపించేవాడి కన్నా, సోమవారం ఉదయం సిస్టమ్ చచ్చిపోతే మధ్యాహ్నానికి బిల్లు కొట్టించగలవాడి అవసరం ఎక్కువ. ఆడిటర్ల ఆఫీసులు, క్లినిక్‌లు, ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలు, వీటన్నిటికీ నెలవారీ ఒప్పందంపై ఐటీ సేవలందించే స్థానిక సంస్థలు... ఇవన్నీ ఆ వెతుకులాటలో ఉంటాయి. పేరు సపోర్ట్ ఎగ్జిక్యూటివ్ కావొచ్చు, అకౌంట్స్ అసిస్టెంట్ కావొచ్చు. మొదట్లో జీతం గొప్పగా ఉండదు, అది ముందే తెలుసుకుని వెళ్లండి. కానీ ఏడాదిలో అక్కడ చేతిలోకొచ్చే పని పెద్ద కంపెనీ ప్రాజెక్టు బెంచి మీద కూర్చుంటే రాదు.

పైసా ఖర్చు లేకుండా చేయగల ప్రాజెక్టు ఒకటి చెబుతాను. ట్యాలీప్రైమ్‌ను ఎడ్యుకేషనల్ మోడ్‌లో దించుకోండి. ఉచితమే, అయితే నెలలో కొన్ని తేదీల్లోనే ఎంట్రీలు వేయనిస్తుంది. ఒక కల్పిత మెడికల్ షాపు సృష్టించి వంద బిల్లులు ఎక్కించండి. బ్యాకప్ తీసి, డేటా ఫోల్డర్‌ను పూర్తిగా తొలగించి, మీ స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో రిస్టోర్ చేయండి. ఎంత సమయం పట్టింది, ఎన్ని బిల్లులు తప్పిపోయాయి, రెండోసారి ఎంత తగ్గింది... ఒక పేజీలో రాయండి. దానికి తోడు ఆ షాపులో ఏ డేటా ఎక్కడుంది, ఎవరు చూడొచ్చు అన్న చిన్న పట్టిక వేయండి. ఇంటర్వ్యూలో ‘సైబర్ సెక్యూరిటీ అంటే ఆసక్తి’ అని చెప్పేవాళ్లు పదిమంది ఉంటారు. ఈ రెండు కాగితాలు తెచ్చేవాళ్లు ఉండరు.

చదవడానికి సెర్ట్-ఇన్ 2025లో చిన్న, మధ్యతరహా సంస్థల కోసం విడుదల చేసిన ప్రాథమిక సైబర్ రక్షణ మార్గదర్శకాలు తీసుకోండి. 15 అంశాలే, ఒక సాయంత్రం పని. సైబర్ దాడి జరిగితే గుర్తించిన ఆరు గంటల్లో సెర్ట్-ఇన్‌కు తెలపాలన్న 2022 ఆదేశాలు కూడా చూడండి. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే చేయాల్సిన నంబరు 1930. దీన్ని ఆఫీసు గోడ మీద రాసిపెట్టొచ్చు.

చేరాక ఒక విషయంలో మాత్రం మొహమాటం వద్దు. ఆఫీసు బ్యాకప్‌కు మీ సొంత జీమెయిల్ ఇవ్వకండి, పోర్టళ్లకు మీ ఫోన్ నంబరు పెట్టకండి. ‘ప్రస్తుతానికి నీది పెట్టు’ అంటారు, అది మూడేళ్లు అలాగే ఉంటుంది. మీరు మానేసినప్పుడు వాళ్ల డేటా మీ దగ్గర, మీ జీతం బాకీ వాళ్ల దగ్గర ఉంటే ఆ గొడవ ఎలా తేలుతుందో ఊహించుకోండి. సంస్థ పేరుతో మెయిల్ తీసుకోమనండి, రికవరీ నంబరు యజమానిది పెట్టించండి. వెళ్లిపోయే రోజున ఏ ఖాతాలు ఎవరికి అప్పగించారో కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేసుకోండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.